నడిచే దారి కూడా వైద్యమే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పురపాలక, పట్టణాభివృద్ధి శాఖల బాధ్యతలు చూస్తున్న గౌరవ మంత్రివర్యులకు,

ప్రభుత్వోద్యోగికి ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు విరమణ. సన్మానం, శాలువా, పూలదండ అయిపోయి ఇంటికి చేరే ఆ ఉద్యోగి వయసూ, జీవిత భాగస్వామి వయసూ సరిగ్గా షుగరు, బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల బయటపడే వయసే. ఏళ్ల తరబడి సెలవు దొరక్క వాయిదా వేసిన పరీక్షలు చేయించుకునేదీ అప్పుడే. అందుకే మన ఇళ్లలో రిటైర్మెంటు ఏడాదీ ఆసుపత్రి ఏడాదీ తరచు ఒకటే అవుతాయి. రిటైరయ్యాక తీరిగ్గా యాత్రలకు వెళదామని, నాలుగు మొక్కలు వేసుకుందామని, పొద్దున్నే ఇద్దరం కలిసి నడుద్దామని అనుకున్న దంపతుల్లో ఒకరు మంచాన పడితే, రెండోవారు ఆ మంచం పక్కనే కూర్చుండిపోతారు. అలాంటి ఏడాదిలో ఆ ఇంటికి ప్రభుత్వం వైపు నుంచి అందేవి పింఛను, హెల్త్ కార్డు. రెండూ విలువైనవే. వాటితోపాటు మరొకటి కూడా కావాలి, అది మీ శాఖల చేతిలో ఉంది: గడప దాటాక భయం లేకుండా నడవడానికి అర కిలోమీటరు దారి, ఆ దారిలో కూర్చోవడానికి కాస్త నీడ, ఒక బెంచీ. దీన్ని నగర సుందరీకరణ పద్దులోంచి తీసి వైద్యంలో భాగంగా లెక్కకట్టమనీ, ఆ లెక్కకు తగిన బాధ్యత తీసుకోమనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

వైద్యం ఖర్చు విషయంలో తెలుగు నేల మీద జరిగిన కృషి చిన్నది కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఉద్యోగులకూ పింఛనుదారులకూ నగదు రహిత వైద్యం అందించే ఆరోగ్య పథకం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌లో చేర్చింది. అయితే ఈ పథకాల బలమంతా ఆసుపత్రి గుమ్మం లోపలే. స్టెంటు వేస్తారు, కీలు మారుస్తారు, బిల్లు ప్రభుత్వం కడుతుంది. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే డిశ్చార్జి సమ్మరీ చూడండి. ఏ మాత్ర ఎన్ని పూటలు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ ఎప్పుడు, ఉప్పూ నూనే ఎంత తగ్గించాలి, ఇవన్నీ రాశాక చివర్లో ఒక వాక్యం ఉంటుంది: రోజూ అరగంట నడవాలి. మాత్రలు దొరక్కపోతే ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసు ఉంది, ఒక ఫోన్ నంబరు ఉంది. ఆ చివరి వాక్యం అమలు కావడానికి దారి లేకపోతే జవాబు చెప్పే అధికారి ఎవరూ లేరు. డాక్టరు రాసిన చీటీలో ఒక వాక్యానికి మాత్రం బాధ్యులు లేకపోవడం వైద్యంలో లోటే.

ఆ అరగంట నడక రోగికి ఎంత అవసరమో, రోగిని చూసుకునే మనిషికీ అంతే అవసరం. మన విధానాలు రోగిని ఒంటరి మనిషిగా లెక్కిస్తాయి. జబ్బు మాత్రం ఇంటికి వస్తుంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 5 లక్షల 18 వేలకు పైగా జంటల ఆరోగ్య వివరాలను నికొలస్ క్రిస్టకిస్, పాల్ ఆలిసన్ పరిశీలించి 2006లో ప్రచురించారు. దంపతుల్లో ఒకరు ఆసుపత్రి పాలైతే రెండోవారికి ప్రాణాపాయం పెరుగుతోందని అందులో తేలింది. ఎంత పెరిగిందన్నది జబ్బును బట్టి మారింది. పెద్దపేగు క్యాన్సర్ లాంటి వాటిలో తేడా దాదాపు కనిపించలేదు. మతిమరుపు వ్యాధి, మానసిక వ్యాధుల విషయంలో బాగా కనిపించింది. అంటే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బులే పక్కనున్నవారినీ ఎక్కువగా కుంగదీస్తున్నాయి. అంతకు ముందు, 1999లో, రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు జబ్బుపడిన జీవిత భాగస్వామికి సేవ చేస్తున్న వృద్ధులను నాలుగేళ్లపాటు గమనించారు. సేవలో నలిగిపోతున్నామని చెప్పినవారిలో, సేవ చేసే అవసరం లేనివారితో పోలిస్తే, మరణాపాయం 63 శాతం ఎక్కువగా ఉంది. సేవ చేస్తూ కూడా నలిగిపోనివారిలో ఆ పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. ఇక్కడ గ్రహించాల్సింది ఏమిటంటే, ప్రాణం తీసేది సేవ కాదు, ఊపిరి తీసుకునే వ్యవధి లేని సేవ. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో స్థిరపడగా నరసరావుపేటలోనో నిజామాబాదులోనో ఇద్దరే మిగిలిన ఇంట్లో ఆ వ్యవధిని ఇచ్చేదెవరు? పనిమనిషో, పక్కింటివారో ఓ గంట కూర్చుంటే, ఆ గంటలో బయటికి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి, నాలుగు అడుగులు వేసి రావడానికి ఒక చోటు ఉండాలి కదా.

నడక వల్ల మేలు ఉందన్నది అందరూ ఒప్పుకునే మాటే కాబట్టి దాని మీద వాదన దేనికని అనుకోవచ్చు. కానీ ప్రభుత్వ ధనం అడిగేటప్పుడు ఆధారం గట్టిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నడుస్తారు కనుక నడిచేవాళ్లు ఆరోగ్యంగా కనిపిస్తారన్నది న్యాయమైన సందేహం. దానికి సమాధానం, మనుషులను చీటీ వేసినట్టు గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగాల్లో దొరుకుతుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందితో మూడేళ్లపాటు చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మామూలు సలహాతో వదిలేసిన గుంపులో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. నడకా, తిండి మార్పులూ అలవాటు చేసిన గుంపులో 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన గుంపు ఫలితం కూడా దాదాపు అంతే. రెండూ కలిపి ఇస్తే అదనంగా ఒరిగిందేమీ లేదు. వాళ్లలో ఎక్కువమంది నడివయసువాళ్లు, విరమణ చేసినవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో వారానికి 150 నిమిషాల నడక, బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. అందులో 60 ఏళ్లు దాటినవారిని విడిగా చూస్తే తగ్గుదల 71 శాతం. గుండె జబ్బు వచ్చి కోలుకుంటున్నవారి సంగతి చూస్తే, 23 వేల మందికి పైగా రోగులతో జరిగిన 85 ప్రయోగాలను కలిపి 2021లో చేసిన కాక్రేన్ సమీక్ష, క్రమం తప్పని వ్యాయామంతో కూడిన పునరావాసం గుండె జబ్బు మరణాలనూ, మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరాన్నీ తగ్గిస్తోందని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవారికి కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సూచిస్తూ, పడిపోకుండా నిలదొక్కుకునే శక్తి కోసం వారంలో మూడు రోజులైనా శరీర సమతూకం, కండబలం పెంచే కసరత్తులు చేయమన్నాయి. ఇంత తెలిసీ మనం ఎక్కడున్నాం? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అంచనా ప్రకారం భారతదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి అవసరమైనంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఆ తేడా మన వీధుల గురించి కూడా ఎంతో కొంత చెబుతోంది.

ఆ వీధిని దగ్గర నుంచి చూద్దాం. పాతిక ముప్ఫై ఏళ్ల కిందట వెలసిన ఏ ఉద్యోగుల కాలనీనైనా తీసుకోండి. గేటు తీయగానే ఇంటి కారు ఎక్కడానికి కట్టిన సిమెంటు ర్యాంపు, పక్కింటి ర్యాంపు, దాని పక్కింటి ర్యాంపు, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తున. కాలువ మీద నాపరాయి పలకల్లో ఒకటి విరిగి, ఎవరూ కాలు పెట్టకుండా దాంట్లో ఎవరో ఒక చెట్టుకొమ్మ గుచ్చి ఉంటారు. మెయిన్ రోడ్డుకి వస్తే ఫుట్‌పాత్ ఉంటుంది, మోకాలి దాకా ఎత్తున. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ చుట్టలు, షాపు ముందు నిలిపిన స్కూటర్లు. కీలు మార్పిడి చేయించుకున్న మనిషి అంత ఎత్తు ఎక్కలేక రోడ్డు మీదికే దిగాలి. ఇక దాటడం సంగతి. సిగ్నల్ సమయాలు లెక్కకట్టేటప్పుడు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక వేగం తీసుకుంటారు. ఆ లెక్కన 24 మీటర్ల వెడల్పున్న రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మోకాళ్ల నొప్పుల మనిషికి అదే రోడ్డు దాటడానికి 30 సెకన్లు కావాలి. లైటు మారేసరికి ఇంకా 8 మీటర్లు మిగిలి ఉంటుంది, ఎదురుగా బండ్లు కదులుతుంటాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ఈ సంఖ్య పేపర్లో చదివిన కొడుకో కూతురో ఫోన్ చేసి ‘నాన్నా, మీరు బయటికి వెళ్లకండి’ అంటే అది ప్రేమ, అందులో తప్పు లేదు. కానీ ఆ ప్రేమకీ డాక్టరు సలహాకీ మధ్య మన రోడ్డు అడ్డంగా నిలబడి ఉంది.

ఇలాంటి దారి వేయమని నేను కొత్తగా అడుగుతున్నది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాలు నగరంలో ఒక్కొక్కరికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచించాయి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌లు పాదచారుల హక్కనీ, అది రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమనీ స్పష్టం చేసి, వికలాంగులు కూడా వాడుకోగలిగేలా వాటిని ఉంచేందుకు విధివిధానాలు రూపొందించమని రాష్ట్రాలను ఆదేశించింది. కనుక కొలత ఉంది, చట్టబలం ఉంది. లేనిది ఆ కొలత ప్రకారం ప్రతి వార్డులో జవాబు చెప్పే ఏర్పాటు.

ఈ కోరికకు అడ్డుగా వచ్చే మాటలు నాకు తెలుసు. వాటిలో కొన్ని బరువైనవే. మొదటిది డబ్బు. రోడ్లకీ తాగునీటికీ చాలని బడ్జెట్‌లో ముసలివాళ్ల నడకకు కేటాయింపులు ఎక్కడివని ఇంజనీర్లు అడుగుతారు. కానీ ఇందులో సగం పని కొత్త ఖర్చు లేనిది. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద పొద్దున పూట కొన్ని గంటలు వాహనాలు ఆపితే చాలు, వేలమందికి నడక దారి ఏర్పడుతోంది. దానికి కావలసింది కొన్ని బారికేడ్లూ ఇద్దరు కానిస్టేబుళ్లూ. జూనియర్ కాలేజీ మైదానాలూ, స్టేడియంలూ, ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలూ తెల్లవారుజామున ఖాళీగానే ఉంటాయి. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నదే సమస్య. మిగతా సగానికి డబ్బు కావాలి, నిజమే. అయితే ఏటా వేసే రోడ్లూ కాలువల పనుల అంచనాల్లోనే ఫుట్‌పాత్ ఎత్తూ వెడల్పూ సరిగా రాస్తే అది విడి ఖర్చుగా మిగలదు. తప్పుగా కట్టినదాన్ని మళ్లీ పగలగొట్టడం కన్నా అది చౌక.

రెండో మాట: నడక క్రమశిక్షణకు సంబంధించినది, కావాలనుకున్నవాళ్లు డాబా మీదైనా నడుస్తారు. నిజంగా నడిచేవాళ్లు ఉన్నారు, వాళ్ల పట్టుదలకు నమస్కారం. కానీ పైన చెప్పిన అధ్యయనాల్లో గెలిచింది పట్టుదల ఒక్కటే కాదు. నెలల తరబడి వెన్నంటి ఉన్న సలహా, తోడు, క్రమం ఉన్నాయి. తెలుగు ఊళ్లలో వాకర్స్ అసోసియేషన్లు ఇన్నేళ్లుగా నిలబడింది కూడా ఆ తోడు బలం మీదే. నడక అయ్యాక అరుగు మీద కూర్చుని చెప్పుకునే కబుర్లే మర్నాడు ఆ మనిషిని మళ్లీ లేపుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, రోగిని చూసుకునే భార్యకో భర్తకో కావలసింది ఆ ఇంటి గోడల నుంచి కాసేపు విడుదల. డాబా ఆ పని చేయదు, కింద నుంచి పిలుపు వినిపిస్తూనే ఉంటుంది.

మూడో మాట వీధి వ్యాపారుల గురించి. ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించడమంటే ముందుగా వేటు పడేది తోపుడుబండి మీద, షోరూము మెట్ల మీద కాదు. ఈ భయం సహేతుకం. దానికి జవాబు 2014 వీధి వ్యాపారుల చట్టంలోనే ఉంది. పట్టణ వెండింగ్ కమిటీలు కూర్చుని వ్యాపారులకు చోటు గుర్తించి, గుర్తింపు పత్రాలు ఇచ్చి, మిగిలిన వెడల్పును నడకకు వదలాలి. పళ్ల బండి ఉన్న వీధిలో మనుషులుంటారు, మనుషులున్న వీధిలో ఒంటరి వృద్ధురాలికి ధైర్యం ఉంటుంది. కాబట్టి తొలగించాల్సింది ముందుగా నిలిపిన కార్లను, దారి మీదికి జరిగిన షాపుల మెట్లను, నడుమ పాతిన స్తంభాలను.

నాలుగోది మన ఎండ. 2015 వేసవిలో రెండు రాష్ట్రాల్లోనూ వడగాలులకు రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇలాంటి చోట వృద్ధులను నడవమనడం ప్రమాదం కాదా? మిట్ట మధ్యాహ్నం నడవమంటే ప్రమాదమే. అందుకే పార్కుల వేళలు ముఖ్యం. వేసవిలో తెల్లవారక ముందే గేటు తీయాలి, రాత్రి చల్లబడ్డాక కూడా కొన్ని గంటలు లైట్లు వేసి ఉంచాలి. నీడ సంగతికి వస్తే, మనకు చేతకాని పని కాదది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్ల దారి చూడండి. పైకప్పు, తాగునీరు, మరుగుదొడ్లు, కూర్చునే చోటు, అన్నీ ఉన్నాయి. గుండె జబ్బులున్న వృద్ధులు ఆ మెట్లెక్కి రావద్దని దేవస్థానమే సూచించింది, అది సరైన సూచన. నేను చూపుతున్నది మెట్లను కాదు, నడిచేవాళ్ల ఒళ్లు ఎక్కడ అలుస్తుందో ముందే ఆలోచించి చేసిన ఏర్పాట్లను. కొండ మీదికి చేయగలిగినది కాలనీలో చేయలేమా?

చివరిగా అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. పింఛనుతో రిటైరయ్యేవాళ్లు ఎంతమంది? కూలి చేసుకునే మనిషికి విరమణ అన్నదే లేదు, ఓపిక ఉన్నన్నాళ్లు పనే. మరి ఈ కోరిక ఉద్యోగ వర్గం సౌకర్యం కోసమేనా? నేను విరమణ చేసిన దంపతులతో మొదలుపెట్టింది వాళ్లు ఎక్కువ అర్హులని కాదు. వాళ్లకు డబ్బూ వైద్యమూ తీరిక సమయమూ అందుబాటులో ఉండి కూడా ఆరోగ్యం చేజారుతోందంటే, ఆ లోపం ఎక్కడుందో వాళ్ల ద్వారా స్పష్టంగా కనిపిస్తుంది కనుక. పైగా జిమ్ముకీ, గేటెడ్ కమ్యూనిటీలోని వాకింగ్ ట్రాక్‌కీ డబ్బు పెట్టగలిగినవాళ్లు ఎలాగో గడుపుకుంటారు. వీధి తప్ప మరో చోటు లేనివాళ్లు పేదలే. ఫుట్‌పాత్ ఎవరి కార్డూ అడగదు. బడికి వెళ్లే పిల్లకీ, పాచిపనికి వెళ్లే అమ్మకీ, ఊతకర్ర మనిషికీ అది ఒకటే.

కనుక మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి, డయాలసిస్ కేంద్రం, పట్టణ ఆరోగ్య కేంద్రం చుట్టూ అర కిలోమీటరు మేర ఫుట్‌పాత్‌లను ముందుగా ఆ 1.8 మీటర్ల, 150 మిల్లీమీటర్ల కొలతకు తీసుకురండి. రోగులు ఎక్కువగా నడిచేది అక్కడే. పెద్ద కూడళ్లలో దాటే సమయాన్ని వృద్ధుల వేగంతో లెక్కకట్టండి. సింగపూరులో వయోవృద్ధులు తమ రాయితీ కార్డు తాకిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు ఉండే ఏర్పాటు 2009 నుంచే ఉంది. ప్రతి పార్కులోనూ తాళం వేయని మరుగుదొడ్డి, చేతులు ఆనించి లేవడానికి వీలైన బెంచీ ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. మరుగుదొడ్డి లేని పార్కు షుగరున్న మనిషికీ, ఆడవాళ్లకూ మూసిన పార్కుతో సమానం. లేఅవుట్లలో పార్కుల కోసం వదిలి, తర్వాత మాయమైన స్థలాల జాబితాను వార్డుల వారీగా బయటపెట్టండి. హైదరాబాదులో 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక అలాంటి స్థలాలు తిరిగి ప్రజల చేతికి రావడం సాధ్యమేనని తేలింది. వైద్య ఆరోగ్య శాఖతో కలిసి ఒక ఉమ్మడి ఉత్తర్వు తెచ్చి, డిశ్చార్జి సమ్మరీ మీద ‘నడవాలి’ అనే మాట పక్కన, ఆ ఇంటికి దగ్గర్లో నడవగల చోటు పేరూ, తెరిచి ఉండే వేళలూ రాయించండి. ఇంగ్లండులో 2021 నుంచి ఏడు ప్రాంతాల్లో ప్రకృతి మధ్య చేసే కార్యకలాపాలను వైద్య సేవల్లో భాగంగా సూచించే ప్రయోగంలో 8 వేల మందికి పైగా పాల్గొన్నారు. వాకర్స్ సంఘాలు ఇన్ని ఉన్న మన ఊళ్లలో అది మరింత తేలిక.

ఇవన్నీ జరిగాయో లేదో తేల్చే పని కూడా మీ ఇంజనీర్ల మీదే పెట్టవద్దు. ఏటా ఒకసారి ప్రతి వార్డులో పింఛనుదారుల సంఘాల నుంచి, వికలాంగుల సంఘాల నుంచి నలుగురైదుగురిని పిలిచి, వాళ్లను ఆ దారుల మీద నడిపించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాయించి, ఆ నివేదికను మున్సిపల్ కార్యాలయం గోడ మీద అంటించండి. 40 ఏళ్లు ఫైళ్లు రాసినవాళ్లు, పిల్లల మార్కులు లెక్కకట్టినవాళ్లు, భూములు కొలిచినవాళ్లు వాళ్లలో ఉన్నారు. లోపాన్ని పట్టుకోవడం వాళ్లకు తెలుసు. ఆ నివేదికలో రాసిన లోపాలను ఏడాది లోపు సరిచేసే బాధ్యతను కమిషనర్ పేరు మీద పెట్టండి. ఆసుపత్రి బిల్లు కట్టడానికి ప్రభుత్వం ఎంత సిద్ధంగా ఉందో, ఆ బిల్లు మళ్లీ రాకుండా చూసే దారి వేయడానికీ అంతే సిద్ధంగా ఉందని ఈ పెద్దవాళ్లకు నమ్మకం కలిగించడం మీ చేతుల్లోనే ఉంది.


ఉభయ రాష్ట్రాల వృద్ధ దంపతుల క్షేమం కోరే ఒక పౌరుడు